నిద్రపోతున్న ఊరికి గాలి కబురు ఎవరు చెప్పాలి?

సిద్దిపేట జిల్లా హుస్నాబాద్ చుట్టుపక్కల యాసంగి వరి కోతలు ఏప్రిల్‌లో ఊపందుకుని మే నెల దాకా సాగుతాయి. గాలిదుమారాలు, రాళ్లవానలు, పిడుగులు ఎక్కువగా విరుచుకుపడేది కూడా ఆ రోజుల్లోనే. కోసిన వడ్లను కొనుగోలు కేంద్రంలో కుప్ప పోసి, తేమ 17 శాతానికి దిగేదాకా ఆరబెట్టి, కాంటా అయ్యేదాకా రైతు అక్కడే కాపలా ఉండాలి. పగలు ఎండకు వడ్లు తిరగేసి, రాత్రి కుప్ప పక్కన పరదా పరుచుకుని పడుకుంటాడు. అంటే గాలి భయం ఎక్కువగా ఉండే రాత్రుల్లోనే ఈ ప్రాంతంలో ఎక్కువమంది ఆరుబయట నిద్రపోతున్నారు.

రాత్రి వచ్చే గాలి పగటి గాలికన్నా ఎక్కువ ప్రాణాలు ఎందుకు తీస్తుంది? దీనికి సాధారణంగా మూడు జవాబులు వినిపిస్తాయి. రాత్రి గాలికి బలం ఎక్కువని ఒకటి, ఇళ్లు ఆ దెబ్బకు ఆగలేవని రెండోది, హెచ్చరిక సమయానికి చెవిన పడదని మూడోది. అమెరికా టోర్నడోల నుంచి మన ములుగు అడవి దాకా ఉన్న అనుభవాలను పక్కపక్కన పెట్టి చూస్తే మొదటి జవాబు తేలిపోతుంది, మిగతా రెండూ నిలుస్తాయి. రెండూ మనిషి చేతిలో ఉన్న కారణాలే. ఈ వ్యాసం వాటి గురించే.

చీకటి లెక్కలు

టోర్నడోల మీద అందరికన్నా ఎక్కువ లెక్కలు రాసి పెట్టుకున్న దేశం అమెరికా. 1950 నుంచి 2005 వరకు అక్కడ వచ్చిన టోర్నడోలను వాకర్ ఆష్లీ బృందం పరిశీలించి 2008లో ఫలితాలు ప్రకటించింది. మొత్తం టోర్నడోల్లో రాత్రి వచ్చినవి 27.3 శాతమే. మరణాల్లో మాత్రం రాత్రి వాటా 39.3 శాతం. రాత్రి టోర్నడోకు ప్రాణం తీసే అవకాశం పగటిదానికి దాదాపు రెండున్నర రెట్లు ఉందని వారు తేల్చారు. గాలి వేగం పెరగడం వల్ల వచ్చిన తేడా కాదిది. చీకట్లో సుడి కనిపించదు, జనం నిద్రలో ఉంటారు, పైగా పగలు గట్టి భవనాల్లో పనిచేసేవారు రాత్రికి బలహీనమైన ఇళ్లకు చేరుకుంటారు. పునాది లేకుండా నిలబెట్టే మొబైల్ హోమ్‌లు ఎక్కువగా ఉన్న దక్షిణ రాష్ట్రాల్లో రాత్రి మరణాలు ఎక్కువ కావడానికి ఇదొక ముఖ్య కారణం.

ఆ తర్వాతి ఏళ్లు ఈ లెక్కను మళ్లీ మళ్లీ రుజువు చేశాయి. 2020 మార్చి 3న అర్ధరాత్రి దాటాక టెనెసీ రాష్ట్రాన్ని టోర్నడోలు తాకాయి. మరణించిన 25 మందిలో 19 మంది ఒక్క పుట్నం కౌంటీవారే. అక్కడ సుడి దిగినప్పుడు దాదాపు రాత్రి రెండు గంటలు. 2021 డిసెంబర్ 10 రాత్రి కెంటకీలోని మేఫీల్డ్ పట్టణం మీదుగా సాగిన టోర్నడో 57 మందిని పొట్టన పెట్టుకుంది. 2023 మార్చి 24 రాత్రి మిసిసిపీలోని రోలింగ్ ఫోర్క్ అనే చిన్న పట్టణం దాదాపుగా నేలమట్టమైంది.

ఈ ముప్పు తెలుగువారికి పరాయిది కాదు. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లానో, ఇర్వింగ్ పట్టణాల్లో వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. 2015 డిసెంబర్ 26న చీకటి పడ్డాక డాలస్ శివార్లలోని గార్లండ్, రౌలెట్ పట్టణాలను తాకిన టోర్నడోకు పది మంది బలయ్యారు. వారిలో ఎక్కువమంది హైవే మీద కార్లలో ఉన్నవారే. 2019 అక్టోబర్ 20 ఆదివారం రాత్రి ఉత్తర డాలస్, రిచర్డ్‌సన్ మీదుగా మరో బలమైన టోర్నడో సాగింది. ఇళ్లు, బడులు, దుకాణాలు కూలినా ఒక్క ప్రాణం పోలేదు. ఫోన్లు మోగాయి, టీవీలు హెచ్చరించాయి, జనం అప్పటికింకా మేలుకుని ఉన్నారు. టెక్సస్‌లో చాలా ఇళ్లకు నేలమాళిగలుండవు కాబట్టి కిటికీలు లేని లోపలి స్నానాల గదిలోకో బట్టల అరలోకో వెళ్లాలని అక్కడి పిల్లలకు బడిలోనే నేర్పుతారు. ఇక్కడి నుంచి చదువుకోవడానికి వెళ్లి అపార్ట్‌మెంట్ పై అంతస్తుల్లో కలిసి ఉండే మన విద్యార్థులకు ఎవరూ నేర్పరు. తల్లిదండ్రులు విమానం ఎక్కించేటప్పుడు చెప్పే జాగ్రత్తల్లో ఇదీ చేరాలి.

మన దేశంలో టోర్నడోలు ప్రధానంగా గంగా, బ్రహ్మపుత్ర మైదానాలకు, ఒడిశా, బెంగాల్ తీరాలకు పరిమితం. ప్రపంచంలో అత్యధిక ప్రాణాలు తీసిన టోర్నడో పొరుగునే ఉన్న బంగ్లాదేశ్‌లోని దౌలత్‌పూర్, సటూరియా ప్రాంతాలను 1989 ఏప్రిల్ 26 సాయంత్రం తాకింది. సుమారు 1,300 మంది పోయారు. అయితే సుడి లేని గాలిదుమారాలు కూడా తక్కువేమీ కాదు. 2010 ఏప్రిల్ 13న అర్ధరాత్రికి కాస్త ముందు బిహార్, పశ్చిమ బెంగాల్ సరిహద్దు జిల్లాలను ఊపేసిన గాలివానలో 130 మందికి పైగా మరణించారు. దాని ఉధృతి సాగింది అరగంటకు కాస్త పైనే. 2018 మే 2 రాత్రి రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ఇసుక తుపాను, ఉరుముల గాలి కలిసి వందమందికి పైగా ప్రాణాలు తీశాయి. చాలామంది నిద్రలోనే, సొంత ఇంటి గోడ కిందే పోయారు.

దక్కనులో గాలి పుట్టే తీరు

తెలంగాణలో ఎండాకాలపు గాలివాన ఉదయాన ఎండతోనే మొదలవుతుంది. మధ్యాహ్నానికి నేల మీది గాలి 40 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే తేమ, ఉత్తర వాయవ్యాల నుంచి వచ్చే పొడిగాలి మధ్య భారతం మీద కలుసుకునే చోట ద్రోణి ఏర్పడితే, వేడిగాలి నిలువునా పైకి లేచి పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తు దాకా క్యుములోనింబస్ మేఘాలు కడుతుంది. మూడు, నాలుగు గంటలకు మొదలైన ఈ మేఘాలు ఒక్కొక్కటి గంటలోపే కరిగిపోవచ్చు. బారుగా కలిసి కదిలితే మాత్రం ఒకదాని చల్లగాలి మరొకదాన్ని పుట్టిస్తూ సాయంత్రం దాటి, రాత్రి పొద్దుపోయేదాకా సాగుతాయి. విదర్భ, మరాఠ్వాడాల వైపు మధ్యాహ్నం పుట్టిన బారు ఉత్తర తెలంగాణకు చేరేసరికి చీకటి పడుతుంది.

మేఘం కింద గాలి బాగా పొడిగా ఉండటం మన మెట్ట ప్రాంతాల ప్రత్యేకత. పైనుంచి రాలే చినుకులు, వడగళ్లు ఆ పొడిగాలిలో సగం ఆవిరవుతాయి. ఆవిరి కావడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచే లాక్కోవడంతో ఆ గాలి చల్లబడి, బరువెక్కి నేల మీదికి కుప్పకూలుతుంది. నేలను తాకగానే నలుదిక్కులా పరుచుకుంటుంది. శాస్త్రజ్ఞులు దీన్ని డౌన్‌బరస్ట్ అంటారు. అందుకే మన దగ్గర ముందు దుమ్ము లేస్తుంది, వెనుక గాలి వస్తుంది, ఆ తర్వాతే వాన. పగలైతే పడమట ఎర్రగా లేచిన దుమ్మును చూసి రైతు పది నిమిషాల ముందే పరదాలు కప్పుతాడు, పశువులను పాకలోకి తోలతాడు. రాత్రి ఆ దుమ్ము కనిపించదు, ఆ పది నిమిషాలూ దక్కవు.

గాలి వేగం అకస్మాత్తుగా గంటకు కనీసం 29 కిలోమీటర్లు పెరిగి, 40 కిలోమీటర్లు దాటి, కనీసం ఒక నిమిషం నిలిస్తే భారత వాతావరణ విభాగం దాన్ని స్క్వాల్ అంటుంది. మనం ఈదురుగాలి అంటాం. మన దగ్గర ప్రాణాలు తీసేవాటిలో ఎక్కువ ఇవే. టోర్నడో రావడం అరుదు. ఆ అరుదైన సుడి గురించి ఎంత ఆసక్తి చూపిస్తామో, ఏటా వచ్చే ఈ గాలి గురించి అంతకన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

తాడ్వాయి అడవి సాక్ష్యం

సుడి స్థాయి గాలి తెలంగాణకు రాదని తేలిగ్గా తీసుకునేవారికి 2024 ఆగస్టు 31 జవాబు చెప్పింది. ఆ శనివారం సాయంత్రం ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవుల్లో, ఏటూరునాగారం అభయారణ్యం పరిధిలో, రెండు గంటలలోపే సుమారు 50 వేల చెట్లు నేలకూలాయి. 200 హెక్టార్లకు మించిన విస్తీర్ణంలో మహావృక్షాలు వేళ్లతో సహా పెకిలించుకుపోయాయి. అది టోర్నడోనా, డౌన్‌బరస్టా అని అటవీ అధికారులు, వాతావరణ నిపుణులు చర్చించారు. ఇలాంటి చర్చను తేల్చేది పడిన చెట్ల దిశ. అన్నీ ఒక కేంద్రం నుంచి బయటికి పరుచుకున్నట్టు పడితే కుప్పకూలిన గాలి. సన్నని దారి వెంట ఒకదాని మీదికి ఒకటి మెలితిరిగి పడితే సుడి. పేరు ఏదైనా పలుచటి నేల, వానకు నానిన మట్టి, లోతుకు దిగని వేళ్లు అన్నీ ఆ గాలికి తోడైనాయి.

అక్కడ మనుషులు చనిపోలేదు. గాలి పడింది అడవి మీద కాబట్టి. హుస్నాబాద్ నుంచి తాడ్వాయి తూర్పున నూటపాతిక కిలోమీటర్ల లోపే. పక్కనున్న ఉమ్మడి వరంగల్ జిల్లాలోదే ఆ అడవి, అదే ఆకాశం. ఆ గాలి అడవి మీద కాక వరి కుప్పలతో, రేకుల షెడ్లతో, నిద్రపోతున్న మనుషులతో నిండిన ఒక మండలం మీద రాత్రి పదకొండు గంటలకు పడి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న మన విపత్తు ప్రణాళికలన్నిటికీ మొదటి ప్రశ్న కావాలి.

అంతకు కొన్ని నెలల ముందే మనుషుల మీద పడిన గాలివానలను కూడా చూశాం. 2024 మే 7 రాత్రి హైదరాబాద్ శివారు బాచుపల్లిలో భారీ వానకు రిటైనింగ్ వాల్ కూలి, పక్కనే తాత్కాలిక షెడ్లలో ఉన్న ఏడుగురు చనిపోయారు. పొట్టకూటికి ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వచ్చిన కూలీలు వారు. ఒక పసివాడు కూడా వారిలో ఉన్నాడు. మే 26న రాష్ట్రంలో పలుచోట్ల వీచిన ఈదురుగాలులకు పది మందికి పైగా బలయ్యారు. నాగర్‌కర్నూల్ జిల్లా ఇంద్రకల్ దగ్గర కోళ్ల షెడ్డు గోడ కూలి ఒక్కచోటే నలుగురు పోయారు. గాలి నేరుగా చంపినవారు తక్కువే. గోడ, రేకు, చెట్టు, తీగ, పిడుగు చంపినవారే ఎక్కువ.

రేకు మీద బండ

గాలి ఒత్తిడి దాని వేగంతో పాటు అదే పాళ్లలో పెరగదు. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. గంటకు 100 కిలోమీటర్ల గాలి ఒక చదరపు మీటరు మీద దాదాపు 47 కిలోల బరువుతో సమానంగా ఒత్తుతుంది. పది అడుగుల రేకు వైశాల్యం మూడు చదరపు మీటర్లకు పైనే. అంటే తలుపులోంచో గోడ పైసందులోంచో లోపలికి దూరిన గాలి ఒక్కో రేకును 140 కిలోల దాకా బలంతో పైకి లేపగలదు. దాన్ని ఆపడానికి మన ఊళ్లలో రేకుల మీద పెట్టేవి బండరాళ్లు. పది, పదిహేను కిలోల రాయి ఆ గాలిని ఆపలేదు. రేకు లేచినప్పుడు కింద పడుకున్నవారి తల మీద పడేది కూడా ఆ రాయే. ఇంటిని కాపాడతాయనుకుని పెట్టిన బండలే ఇంట్లోవారి పాలిట మృత్యువవుతున్నాయి.

దీనికి పెద్ద ఖర్చు లేని పరిష్కారం ఉంది. రేకులను ఇనుప దూలాలకు హుక్ బోల్టులతో, వాషర్లతో దగ్గర దగ్గరగా బిగించడం, దూలాన్ని గోడలోకి కాంక్రీటుతో దిగగొట్టడం, గోడ మీద బెల్ట్ బీమ్ వేయడం ఏ మేస్త్రీకైనా తెలిసిన పనులే. చూరు అంచున ఉన్న రేకులకు, మూలల్లోని రేకులకు గాలి దెబ్బ ఎక్కువ తగులుతుంది కాబట్టి అక్కడ బోల్టులు రెట్టింపు వేయాలి. కోళ్ల షెడ్డుకు, ఇటుక బట్టీ గుడిసెకు, కూలీల తాత్కాలిక నివాసానికి ఈ నిబంధన లేకపోవడం యజమానుల నిర్లక్ష్యమే కాదు, వాటికి అనుమతిచ్చే యంత్రాంగం నిర్లక్ష్యం కూడా.

రాత్రి ఆరుబయట ఉండేవారు

హుస్నాబాద్ ప్రాంతంలో గాలి వచ్చే రాత్రి ఎవరెవరు బయట ఉంటారో చూస్తే ముప్పు ఎవరి మీద ఉందో తెలుస్తుంది. ఐకేపీ మహిళా సంఘాల, సహకార సంఘాల కొనుగోలు కేంద్రాల్లో వడ్ల కుప్పల దగ్గర రైతులు, బస్తాలు ఎత్తే హమాలీలు ఉంటారు. పొలాల్లో మంద పెట్టి గొర్లతోపాటే పడుకునే గొల్ల కుర్మలుంటారు. వేసవంతా బట్టీల దగ్గరే సంసారం చేసే ఇటుక కూలీలు, కోళ్ల షెడ్లలో కాపలా ఉండే కుటుంబాలు, మామిడితోటల్లో కావలివారు, మోటారు చూసుకోవడానికి వెళ్లిన రైతులు, పెళ్లి పందిళ్ల కింద నిద్రపోయే చుట్టాలు ఉంటారు. వీరిలో చాలామందికి పక్కా భవనం కిలోమీటరు దూరంలో కూడా ఉండదు. అందుకే ఇంట్లోకి వెళ్లండి అన్న హెచ్చరిక వీరికి అక్కరకు రాదు. ఎక్కడికి వెళ్లాలో ముందే ఏర్పాటై ఉండాలి.

పిడుగు విషయంలో ఇది మరీ నిజం. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది మరణించారు. ప్రకృతి శక్తుల వల్ల సంభవించిన మరణాల్లో మూడింట ఒక వంతుకు పైగా ఇవే. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఒంటరి చెట్టు కిందికి పరుగెత్తడం, గొడుగుతో పొలం గట్టు మీద నిలబడటం ఎంత ప్రమాదమో చెప్పే ప్రచారం పగటి మనిషిని ఉద్దేశించింది. రాత్రి వడ్ల కుప్ప పక్కన తడి నేల మీద పడుకున్న మనిషికి చెప్పేవారు లేరు.

ఇంకో లోటు మన లెక్కల్లోనే ఉంది. అదే బ్యూరో ఏటా ఇచ్చే నివేదికలో రోడ్డు ప్రమాదాలను మూడేసి గంటల చొప్పున పగలు, రాత్రి విడదీసి చూపుతుంది. ప్రకృతి విపత్తుల మరణాలకు వయసు, స్త్రీ పురుష భేదం చూపుతుంది గానీ వేళను చూపదు. రోడ్డు మీద ఏ గంట ప్రమాదకరమో తెలిసింది కాబట్టే రాత్రి తనిఖీలు, రోడ్డు పక్క దీపాలు వచ్చాయి. గాలికి, పిడుగుకు బలైనవారి పంచనామాలో సమయం రాస్తూనే ఉన్నారు. దాన్ని కూడి చూసే పని ఏ శాఖా చేయడం లేదు.

హెచ్చరిక ఎక్కడ ఆగిపోతోంది

హైదరాబాద్ వాతావరణ కేంద్రం డాప్లర్ రాడార్‌ను చూస్తూ, రాబోయే మూడు గంటలకు జిల్లాలవారీగా నౌకాస్ట్ ఇస్తుంది. తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీకి రాష్ట్రంలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. పిడుగుల కోసం పుణెలోని ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ ఉంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థకు సచేత్ అనే హెచ్చరికల వేదిక ఉంది. ఫోన్ సైలెంట్‌లో ఉన్నా పెద్ద శబ్దంతో మోగే సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతిని 2023లో దేశమంతా పరీక్షించారు. ఇంత ఉన్నా కబురు రైతుకు చేరకపోవడానికి నాలుగు చోట్ల తెగుతున్న దారం కారణం.

మొదటిది రాడార్ చూపు. హైదరాబాద్ నుంచి హుస్నాబాద్ నేరుగా వంద కిలోమీటర్లకు పైనే. భూమి వంపు వల్ల, రాడార్ కిరణాన్ని కాస్త పైకి ఎక్కుపెట్టి పంపడం వల్ల, అతి తక్కువ కోణంలో చూసినా ఇక్కడ నేలకు కిలోమీటరున్నర ఎత్తులో ఉన్న మేఘాన్ని మాత్రమే అది చూడగలదు. ప్రాణాలు తీసే గాలి దాని కిందే ఉంటుంది. రాడార్ల సంఖ్య పెంచడం కోసం కేంద్రం 2024 సెప్టెంబర్‌లో 2,000 కోట్ల రూపాయలతో మిషన్ మౌసమ్‌ను ఆమోదించింది. ఉత్తర తెలంగాణకు ఒక రాడార్ అందులోంచి రావాలని అడగడం న్యాయమైన కోరిక.

రెండోది జిల్లా గీత. 2016లో జిల్లాల పునర్విభజన తర్వాత హుస్నాబాద్ నియోజకవర్గం మూడు జిల్లాలకు చెందింది. హుస్నాబాద్, అక్కన్నపేట, కోహెడ సిద్దిపేటలో, చిగురుమామిడి, సైదాపూర్ కరీంనగర్‌లో, భీమదేవరపల్లి, ఎల్కతుర్తి హనుమకొండలో ఉన్నాయి. హెచ్చరిక రంగు జిల్లా మొత్తానికి ఒకటే. గజ్వేల్ మీద మేఘం లేదు కాబట్టి సిద్దిపేట జిల్లాకు పసుపు రంగు, పక్కనే హనుమకొండకు నారింజ రంగు ఇచ్చిన రాత్రి, ఒకే వాగుకు అటూ ఇటూ ఉన్న ఊళ్లకు రెండు కబుర్లు అందుతాయి. మండలాలవారీగా హెచ్చరిక ఇచ్చే రోజు వచ్చేదాకా, పొరుగు జిల్లా రంగును కూడా చూసి నిర్ణయం తీసుకునే అలవాటు అధికారులకు రావాలి.

మూడోది కరెంటు. గాలి మొదలవగానే తీగలు తెగకుండా సరఫరా ఆపుతారు. అది అవసరమే. కానీ దాంతో మైకు మూగబోతుంది, టీవీ ఆగుతుంది, కాసేపటికి సెల్ టవర్ బ్యాటరీ కూడా అయిపోతుంది. హెచ్చరిక అవసరమైన గంటలోనే హెచ్చరించే సాధనాలన్నీ పడుకుంటాయి.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, మనిషి. కబురు కలెక్టరేట్ నుంచి మండల కార్యాలయానికి, అక్కడి నుంచి వాట్సాప్ గ్రూపుకు వస్తుంది. రాత్రి తొమ్మిదిన్నరకు గ్రూపులో పడిన సందేశాన్ని తెల్లవారి చూస్తారు. ఒకప్పుడు ఊళ్లో కావలికారు ఉండేవాడు. చెరువు తెగినా, వాగు పొంగినా డప్పు కొట్టి చాటింపు వేసే బాధ్యత అతనిది. 2020లో వీఆర్వో వ్యవస్థ రద్దయింది. 2023లో, ఆ కావలికారు వారసులైన వీఆర్ఏలను వేర్వేరు శాఖల్లో సర్దారు. 2025లో గ్రామ పాలనాధికారులు వచ్చారు. భూమి రికార్డులు చూసేవారు తిరిగి దొరికారు, రాత్రి తలుపు తట్టేవారు ఇంకా దొరకలేదు.

రాత్రయినా ప్రాణాలు నిలిచాయి

చీకటిదే తప్పయితే రాత్రి వచ్చిన ప్రతి పెద్ద గాలీ పెద్ద చావులే మిగల్చాలి. అలా జరగలేదు. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన తుపాను తీరం తాకింది సాయంత్రం వేళ. ఉప్పెనకు పదివేల మంది దాకా బలయ్యారు. తుపాను వస్తోందన్న సంగతి వాతావరణ శాఖకు తెలుసు. అలల గోడ ఎక్కడ లేస్తుందో, ఎవరు ఎక్కడికి వెళ్లాలో నాగాయలంక లంకల్లో ఉన్నవారికి చెప్పిన దిక్కు లేదు. 1999 సూపర్ సైక్లోన్ ఒడిశాలో పట్టపగలు తీరం తాకి సుమారు పదివేల ప్రాణాలు తీసింది.

2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం తాకేసరికి రాత్రి తొమ్మిది దాటింది. గాలి వేగం గంటకు 200 కిలోమీటర్లు. చీకటి, కరెంటు లేదు. అయినా మరణాలు పదుల్లోనే ఆగాయి. ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని, ఆంధ్రప్రదేశ్ తీరంలో లక్షకు పైగా జనాన్ని చీకటి పడక ముందే పక్కా భవనాలకు చేర్చడమే కారణం. తర్వాత ఒడిశా తన తీరంలోని ఆరు జిల్లాల్లో 122 సైరన్ టవర్లు నిలబెట్టింది. కరెంటుతో, ఫోన్‌తో పనిలేకుండా ఊరంతా వినిపించే సైరన్ అది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు తుడిచిపెట్టుకుపోయాయి గానీ ప్రాణనష్టం ఆ విధ్వంసంతో పోలిస్తే చాలా తక్కువ.

తుపానుకు, మన గాలిదుమారానికి ఒక పెద్ద తేడా ఉంది. తుపాను మూడు నాలుగు రోజుల ముందు కబురిస్తుంది, గాలిదుమారం మూడు గంటలే ఇస్తుంది. మూడు గంటల్లో లక్షల మందిని తరలించలేం. కానీ ఒక కొనుగోలు కేంద్రం నుంచి నలభై మందిని పక్కనున్న బడిలోకి పంపడానికి ఇరవై నిమిషాలు చాలు. అమెరికాలో టోర్నడో హెచ్చరికకు దొరికే సమయం సగటున పదిహేను నిమిషాలు కూడా ఉండదు. ఆ కొద్ది నిమిషాలతోనే వారు ఎన్నో ప్రాణాలు నిలబెట్టుకుంటున్నారు. మనకు దొరికే మూడు గంటలను మనం నిద్రలో పోగొట్టుకుంటున్నాం.

తెల్లవారాక

గాలి పోయాక ఊరు లెక్కబెట్టుకునే నష్టంలో మరణాలు ఒక భాగమే. 2023 మార్చి మూడో వారంలో కురిసిన రాళ్లవానలకు రాష్ట్రంలో సుమారు 2.28 లక్షల ఎకరాల పంట దెబ్బతింది. అందులో మొక్కజొన్న 1.29 లక్షలు, వరి 72 వేల ఎకరాలకు పైగా. ప్రభుత్వం ఎకరానికి పదివేల రూపాయల సాయం ప్రకటించింది. అప్పటి కేంద్ర నిబంధనల ప్రకారమైతే 33 శాతానికి మించి నష్టపోయిన నీటివసతి గల పంటకు హెక్టారుకు 17,000 రూపాయలు, అంటే ఎకరానికి ఏడు వేల లోపే. ఫసల్ బీమా పథకం నుంచి తెలంగాణ 2020లో తప్పుకోవడంతో ఈ సాయం తప్ప రైతుకు వేరే ఆధారం లేకుండా పోయింది. కోసి కుప్ప పోసిన వడ్లు తడిస్తే ఆ లెక్క మరీ కష్టం. అది పొలంలోని పంట కాదు, కాంటా అయిన ధాన్యమూ కాదు.

2025 అక్టోబర్ 29న హుస్నాబాద్ ఈ కష్టాన్ని కళ్లారా చూసింది. ముందురోజు రాత్రి తీరం దాటిన మొంథా తుపాను, 300 కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చి ఈ ప్రాంతం మీద కుండపోతగా కురిసింది. భీమదేవరపల్లిలో ఆ ఒక్క రోజే 40 సెంటీమీటర్లకు పైగా వాన నమోదైంది. హుస్నాబాద్ మార్కెట్ యార్డులో ఆరబోసిన వడ్లు కళ్లముందే వరదలో కొట్టుకుపోయాయి. సముద్రం మొహం చూడని మెట్ట ప్రాంతానికి కూడా తుపాను వస్తుందని ఆ రోజు తేలింది.

చట్టంలో ఒక ఖాళీ కూడా పూడ్చాలి. కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో తుపాను, వరద, వడగళ్లు, కుంభవృష్టి ఉన్నాయి. పిడుగు, ఈదురుగాలి లేవు. రాష్ట్రాలు తమ విపత్తు సహాయ నిధిలో పది శాతం వరకు స్థానిక విపత్తులకు వాడుకోవచ్చు. ఏటా వందల ఇళ్లు కూల్చే గాలి ఆ పది శాతంలో చోటు కోసం అడుక్కోవలసిన విషయం కాకూడదు. వడగళ్లు పడి రేకు పగిలితే ఒక న్యాయం, గాలికి అదే రేకు ఎగిరిపోతే మరో న్యాయం అనే తేడాను బాధితుడికి ఎవరూ సమర్థించి చెప్పలేరు.

చేయవలసినవి

ఈ సమీక్ష తర్వాత చేయవలసిన పనుల క్రమం స్పష్టంగానే ఉంది. మార్చి 15 నుంచి జూన్ 15 వరకు ప్రతి గ్రామ పంచాయతీకి ఒక రాత్రి బాధ్యుడు ఉండాలి. ఇద్దరు ముగ్గురు వంతులవారీగా చేసినా సరే, గౌరవ వేతనం ఇవ్వాలి, ఫోన్ నంబరు మండల కార్యాలయం దగ్గర ఉండాలి. నారింజ రంగు హెచ్చరిక వస్తే సందేశం పంపి ఊరుకోకుండా, అతనికి ఫోన్ చేసి, మేలుకున్నాడని నిర్ధారించుకోవాలి. పంచాయతీ మైకుకు, వీలైతే గుడి, మసీదు, చర్చి మైకులకు బ్యాటరీ బ్యాకప్ కావాలి. ఒక ఇన్వర్టర్ ఖర్చు ఎంతో ప్రతి సర్పంచికీ తెలుసు.

ప్రతి కొనుగోలు కేంద్రానికి అరకిలోమీటరు లోపు ఒక పక్కా గదిని రాత్రి ఆశ్రయంగా గుర్తించి, తాళంచెవి కేంద్రం నిర్వహించే మహిళా సంఘం చేతికివ్వాలి. వడ్ల మీద పరదాలు కప్పి, మనుషులు గదిలోకి వెళ్లాలి. తెల్లవారాక వడ్లు తడిశాయని ధర తగ్గించబోమని ముందే హామీ ఇస్తే తప్ప ఏ రైతూ కుప్ప వదిలి రాడు. ఆ హామీ లేని హెచ్చరిక, ప్రాణమా పంటా తేల్చుకోమని రైతును వదిలేయడమే.

తెగిపడ్డ తీగను ముట్టుకోకుండా 1912కు ఫోన్ చేయాలని, రేకుల మీది బండలు దించి బోల్టులు బిగించుకోవాలని, ఉరిమినప్పుడు చెట్టు కిందికి, పశువుల గుంపులోకి పోవద్దని ఏప్రిల్ మొదట్లోనే బడుల్లో, కేంద్రాల్లో చెప్పాలి. గాలికి, పిడుగుకు పోయిన ప్రతి ప్రాణానికీ వేళ రాసి, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ ఏటా ప్రకటించాలి. రెండు మూడేళ్లలో ఏ గంటకు ఎవరు పోతున్నారో తేలుతుంది.

ఆకాశం ఎప్పుడు విరుచుకుపడుతుందో చెప్పే విద్య మన దగ్గర ఉంది. దాన్ని కొనుగోలు కేంద్రంలో పడుకున్న రైతు చెవి దాకా తీసుకెళ్లే మనిషిని నియమించడమే మిగిలింది. వచ్చే యాసంగి కోతల్లోపు హుస్నాబాద్ మండలాల్లో ఆ నియామకం జరగాలి. అడగవలసింది గ్రామసభలు, ఇవ్వవలసింది ప్రభుత్వం.